మోయెన్ ఫారానికి దారి

దీపాలు పెట్టే వేళ దాటాక మావాళ్ళెవరూ పాత తూర్పు రోడ్డు వైపు వెళ్ళరు. ఆ రోడ్డు తిన్నగా పోయి చెరువులోకి దిగిపోతుంది... మళ్ళీ పైకి రాదు. ఇరవయ్యేళ్ళ కిందట చెరువు పొంగి పొలాలనీ ఇళ్ళనీ మింగేసింది. వెనక్కి మాత్రం పోలేదు. ఆ నీళ్ళ అడుగున ఇప్పటికీ కార్ల దీపాలు కదులుతాయంటారు. నేను చూడలేదు. చూశామన్నవాళ్ళలో తాగనివాడు కూడా ఒకడున్నాడు కాబట్టి కొట్టిపారెయ్యలేను.

అసలు మా నార్త్ డకోటాలో దారి అడిగితే చచ్చినవాళ్ళని పలకరించినట్టే. "హాల్వర్సన్ వాళ్ళ కొట్టం ఉండేది చూడు, అక్కడ ఎడమకి తిరుగు" అంటారు. ఆ కొట్టం కాలిపోయి ఎన్నాళ్ళయిందో! హాల్వర్సన్ కూడా పోయాడు. ఇలాంటి గుర్తులు పెట్టుకుని కొత్తవాడు ఇల్లు వెతుక్కోవాలి.

ఇక్కడికి అరిజోనా ఎడారి నుంచి కొత్త పాస్టరు వచ్చాడు, పేరు ట్రెవర్. మంచివాడే. కానీ ఫోను చెప్పనిదే పక్క వీధికి కూడా వెళ్ళడు. ఇక్కడ సిగ్నల్ ఉండదని ఎవరో చెబితే, కౌంటీ మ్యాపు మొత్తం ముందే ఫోన్లోకి దింపుకున్నాడు. ఆ మ్యాపు ఏ కాలంనాటిదో ఆయన అడగలేదు, అదీ చెప్పలేదు.

ఆ జనవరిలో ఒకరోజు ఆర్డిస్ మోయెన్ ఆయనకి ఫోన్ చేసింది. మొగుడు ఇంగ్‌వాల్డ్‌కి గుండెజబ్బు ముదిరిపోయింది, డాక్టరు చేతులెత్తేశాడు.

"ఈ రాత్రి గడవదంటున్నారు అయ్యగారూ... ప్రార్థన లేకుండా పోతే నా మనసు ఊరుకోదు. తొందరగా రండి."

"ఇల్లెక్కడమ్మా?"

"మోయెన్ ఫారం అంటే ఎవరైనా చెబుతారు."

ఎవరైనా చెప్పేవారే. ఈయన ఎవర్నైనా అడిగితేగా! ఫోన్ని అడిగాడు.

ఐదింటికే చీకటి పడిపోయింది. పొడిమంచు గాలికి లేచి కారు అద్దానికి కొడుతోంది. ఫోన్లోంచి ఆడగొంతు — "తిన్నగా వెళ్ళండి." వెళ్ళాడు. కాసేపటికి పొలాల కంచె అయిపోయింది. కరెంటు స్తంభాలూ అయిపోయాయి. చుట్టూ తెల్లటి మైదానం... చెట్టు లేదు, చేమ లేదు.

"తిన్నగా వెళ్ళండి."

కారు కింద ఏదో మూలిగింది. దీర్ఘంగా... ఎక్కడో లోతు నుంచి. ట్రెవర్ పక్క సీట్లో ఉన్న బైబిలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మ్యాపులో మాత్రం రోడ్డు నిక్షేపంగా ఉంది, రెండువైపులా గోధుమ పొలాలతో సహా.

అప్పుడు కనబడింది — ఊరు. మ్యాపులో లేని ఊరు! చిన్నచిన్న గుడిసెలు, ఒక్కో కిటికీలో ఒక్కో గుడ్డిదీపం. వీధి లేదు, కుక్క అరుపు లేదు, మనిషి అలికిడి లేదు.

"మీరు చేరవలసిన చోటికి చేరారు," అంది ఫోను.

దిగి మొదటి గుడిసె తలుపు తట్టాడు. మెల్లిగా తోశాడు. లోపల నేల మధ్యలో నల్లటి గొయ్యి... చుట్టూ కొందరు తలలు వంచుకుని దాంట్లోకే చూస్తున్నారు. ఒక్కడూ తలెత్తలేదు. ఒకడు మాత్రం పెదాల మీద వేలు పెట్టుకుని — "ష్..."

తలుపు మూసేశాడు. దెయ్యాలు లేవని ఊరూరా చెప్పే మనిషికి ముచ్చెమటలు పట్టాయి. అయినా పారిపోలేదు, అది ఒప్పుకోవాలి. అవతల ఒక ప్రాణం తనకోసం కొట్టుకుంటోంది. వెళ్ళి పక్క గుడిసె తలుపు తెరిచాడు.

అక్కడ దుప్పటి చుట్టుకుని ఒక ముసలాయన, పక్కన ఇంకొకతను. ముసలాయన మొహం పూర్తిగా పాలిపోయి ఉంది. వీళ్ళ కాళ్ళ దగ్గరా ఒక గొయ్యి...

"మోయెన్ ఫారం... ఎటండీ?"

ముసలాయన గొయ్యిలోకి వేలు చూపించాడు. "ఇదే."

"ఇంగ్‌వాల్డ్ మోయెన్ గారు..."

"నేనే."

ట్రెవర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఆలస్యం చేసేశానా... పోయారా మీరు?"

"ఇంకా లేదు. కాస్త మెల్లిగా మాట్లాడండి, చేపలు బెదురుతాయి."

పక్కనున్నతను, పేరు డ్వేన్, పాస్టరు చేతిలో వేడి కాఫీ పెట్టి సంగతి చెప్పాడు. ఇది గడ్డకట్టిన చెరువు. ఇవి మంచుకి కన్నం వేసి చేపలు పట్టుకునే గుడిసెలు. చలికాలమంతా మా మగాళ్ళ కాపురం ఇక్కడే, పెళ్ళాలకీ అదే సుఖం. మోయెన్ల పొలమూ ఇల్లూ ఎప్పుడో మునిగిపోతే గుట్ట మీద కొత్తిల్లు కట్టుకున్నారు, దానికీ పాత పేరే. ఇంగ్‌వాల్డ్ ఆఖరి కోరిక ఒక్కటే — మునిగిన ఇంటి మీద కూర్చుని ఒక్కసారి గాలం వెయ్యడం. ఆర్డిస్ పాస్టరుకి ఫోన్ చేస్తుండగా, పొరుగింటి డ్వేన్ ఆయన్ని మంచుబండి మీద ఎక్కించుకుని దొడ్డిదారిన జారుకున్నాడు.

"సరిగ్గా ఇక్కడే మా వంటిల్లు," అన్నాడు ఇంగ్‌వాల్డ్. "మీ ఫోను తప్పేం చెప్పలేదు."

ట్రెవర్ మోకాళ్ళ మీద కూర్చుని గుసగుసగా ప్రార్థన చేశాడు. ముసలాయన టోపీ తీశాడు గానీ గాలం వదల్లేదు. ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడికి రాగానే డ్వేన్ కూడా టోపీ తీసేస్తాడు. వింటుంటే నాకూ ఏడుపొస్తుంది.

"ఇంతకీ ఎటు నుంచి వచ్చారు అయ్యగారూ?" అన్నాడు డ్వేన్.

"తూర్పు రోడ్డు మీదుగా."

డ్వేన్ నోటిదాకా వచ్చిన కప్పు ఆగిపోయింది. "అటు వాగు కలుస్తుంది... ఎంత చలికీ అక్కడ గడ్డకట్టదు. కుక్క కూడా దాటలేదు."

టార్చి పట్టుకుని బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి టార్చి ఆర్పేశాడు.

"నీళ్ళు పారుతూనే ఉన్నాయి... కారు చక్రాల జాడ ఆ నీళ్ళ అంచునే మొదలవుతోంది."

"నీళ్ళేమిటి?" అన్నాడు ట్రెవర్. "వంతెన ఉందిగా! చెక్కల వంతెన..."

ఇంగ్‌వాల్డ్ మొదటిసారి గొయ్యి మీంచి చూపు తిప్పాడు.

"కుడిపక్క చివరి చెక్క... దడదడలాడిందా?"

"ఆడింది."

ముసలాయన నెమ్మదిగా తల పంకించాడు.

"దానికో మేకు కొడదామని అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు. "ఈలోగా చెరువొచ్చేసింది."