ఎడమ సీటు ఖాళీ

గోదాం మలుపంటే ఆటోవాళ్లకి హడల్. పెట్రోలు బళ్లున్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. తేలికపాటి బ్యాటరీ ఆటోలు వచ్చాకే మొదలైంది... ఏడాదిలో తొమ్మిది బోల్తా. ఎడమ చక్రాన్ని ఎవరో కిందనుంచి ఎత్తినట్టే ఉంటుందట. ఎవరంటే — దెయ్యమైన ఒకావిడ. ఎడమ సీటు తనకి వదలాలట.

అందుకే మలుపు రాగానే అందరినీ కుడివైపుకి జరిపేస్తారు. వేగం కూడా తగ్గించరు, నిదానిస్తే ఎక్కి కూర్చుంటుందని. మొదటి బండి పడ్డాక ఈ పద్ధతి పెట్టింది గుడ్లగూబే. రాత్రి బేరాలే చూసుకుంటాడని వాడికా పేరు. అంత నిష్ఠగా ఉన్నా, పోయిన నెల వాడి బండే పడింది. వెనక కూర్చున్న సొంత అక్క కాలు విరిగింది.

ఈ రాత్రి ఆసుపత్రి నుంచి అక్కని ఇంటికి తెస్తున్నాడు. మళ్లీ పడితే ఇక నడవడం కల్లేనని డాక్టరు తెగేసి చెప్పాడు. అవతలి దారిలో వంతెన మూసేశారు, ఈ మలుపు తప్ప వేరే దారి లేదు.

"అక్కా... కుడివైపుకి జరుగు," గుసగుసగా అన్నాడు.

అక్క ఎడమ సీట్లో చేరగిలబడి, కట్టు కాలు కుడివైపుకి బారజాపుకుని ఉంది. "ఈ కట్టుతో ఎక్కడికి జరగనురా? ఆ మహాతల్లిని నా ఒళ్లో కూర్చోమను."

"మెల్లగా అను... వింటుంది."

అద్దంలోకి చూశాడు. అక్క భుజం మీద ఏదో కదిలింది — కొంగేనా? నమ్మకం కుదరలేదు. గుండె చిక్కబట్టుకుని హ్యాండిల్ ఎడమకి తిప్పాడు.

ఇప్పుడు లేస్తుంది చక్రం... ఇప్పుడు...

లేవలేదు. బండి నేలకి అతుక్కున్నట్టు తిరిగింది.

మలుపు దాటి ఆపాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"ఏమీ కాలేదేంటి?" అన్నాడు, అదీ అనుమానంగానే.

అక్క తన కట్టు కాలుకేసి చూసుకుంది. "ఒరే... ఈ బండి బరువెంతరా? ఆ రోజు మా ముగ్గురినీ కుడి మూలకి నెట్టావు. ఎడమకి తిరిగితే అంతా కుడికే కదా ఒరిగేది. ఇవతలి ఎడమ చక్రం లేవక ఏం చేస్తుంది?"

మొదటిది కాక, తర్వాత పడ్డ ఎనిమిది బళ్లలోనూ వాడు చెప్పిన పద్ధతే. అక్క కాలు విరగ్గొట్టింది ఎవరో తెలిసేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

వెనక దూరంగా ఇంకో ఆటో దీపం. మలుపుకే వస్తోంది, జోరుగా. లోపల అందరూ ఈపాటికి కుడివైపుకి జరిగే ఉంటారు.

గుడ్లగూబ బండి దిగి, రెండు చేతులూ ఊపుకుంటూ రోడ్డుకి అడ్డంగా పరిగెత్తాడు. చీకట్లో ఆ డ్రైవరుకి తనే ఆవిడలా కనిపిస్తాడని, బండి ఆపడని... వెనకనుంచి అక్క అరిచేదాకా వాడికి తట్టలేదు.