నొక్కగానే తిప్పాలి

మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పిల్లిలా పడుకుని ఉంది. పాత ఫిల్మ్ కెమెరాలు వెతికి తెచ్చి బాగుచేసుకునే అతని గదిలో స్క్రూడ్రైవర్ చప్పుడు తప్ప మాటన్నది వినబడదు. అక్క పోయిన ఈ తొమ్మిదేళ్లూ అంతే.

పాతసామాన్ల బాబాయి ఒక కెమెరా బల్ల మీద పెట్టి నవ్వాడు. "పెళ్లిసంబంధానికైనా ఇంత వెతకలేదు కదరా నువ్వు. చూడు, ఇదేనా?"

ఫిల్మ్ తిప్పే పిడి మీద గోళ్లరంగు చుక్క. అక్క పెట్టిందే.

"ఇదే బాబాయ్," అన్నాడు, ఆ చుక్క మీద వేలు పెట్టి.

అక్క ఫొటో స్టూడియో నడిపేది. అందరి ముఖాలూ తీసింది గానీ తనది ఒక్కటీ తీయించుకోలేదు. ఆ ముఖం ఇప్పుడతనికి కలలో కూడా సరిగ్గా ఆనడం లేదు.

బాబాయి వెళ్లగానే, షట్టర్ పనిచేస్తుందో లేదోనని ఎదుటి ఖాళీ స్టూలు వైపు పెట్టి ఆత్రంగా మూడుసార్లు నొక్కాడు. అప్పుడు చూశాడు. వెనక మూతకున్న చిన్న ఎర్ర కిటికీలోంచి, ఫిల్మ్ వెనక కాగితం మీది ఏడు అంకె కనబడుతోంది. లోపల అక్క వేసిన ఫిల్మ్ అలాగే ఉంది.

"నొక్కగానే తిప్పాలిరా తమ్ముడూ, లేకపోతే మనిషి మీద మనిషి పడతాడు," అనేది అక్క. తిప్పకుండానే నొక్కేశాడు. మూడూ ఒకదాని మీదొకటి పడి ఉంటాయి.

పోనీ, ముందరి ఆరింట్లో ఎక్కడో ఒకచోట ఆమె ఉండదా? ఫిల్మ్ చివరిదాకా చుట్టేసి, మూత ఊడదీసి బల్ల మీద పెట్టి, రీలు పట్టుకుని చీకటిగదిలోకి వెళ్లాడు.

మందుల పుల్లటి వాసన. నీటిచుక్కల చప్పుడు. కడిగిన ఫిల్మ్‌ని దీపానికి ఎత్తిపట్టాడు. ఆరింటినీ తేమ తినేసింది.

ఏడోదానిలో...

స్టూలు మూడుగా చెదిరి ఉంది. దాని మీద కూర్చున్న మనిషి మాత్రం చెదరలేదు.

జడ. ఆ భుజం వంపు. నడుము దగ్గర కెమెరా పట్టుకుని, తల వంచి అందులోకి చూస్తోంది. ముఖం కనబడదు. కెమెరా గురి అతని వైపే.

"అక్కా... ఒక్కసారి తలెత్తవూ," అన్నాడు గుసగుసగా.

తలుపు అవతల... క్లిక్.

ఆ వెంటనే కిర్రు... కిర్రు... ఎవరో తీరిగ్గా తిప్పుతున్నారు.

తలుపు తీశాడు. స్టూలు ఖాళీ. కెమెరా నోరు తెరుచుకుని ఉంది, లోపల ఏమీ లేదు. మూత అతను పెట్టినచోటే ఉంది. దాని కింద ఒట్టి చెక్కబల్ల.

మూతకున్న ఎర్ర కిటికీలో... ఎనిమిది.