పాట లేని పదకొండు రోజులు

పదకొండు రోజులుగా ఆయన ఇంటికి ఒక్క పాటా తీసుకురాలేదు!

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఎన్నడూ ఇలా జరగలేదు. స్టూడియోలో వయొలిన్ వాయించి వచ్చే మనిషి, చెప్పులు విడుస్తూనే ఆనాటి పాటను కూనిరాగం తీసేవారు. లోకం వినకముందే ఆమె వినేది! ఇప్పుడు పొద్దున్నే వయొలిన్ పెట్టెతో వెళుతున్నారు... సాయంత్రం మూగనోము పట్టినట్టు వస్తున్నారు. ఏం వాయించారని అడిగితే, "ఏదోలే..." అని గోడవైపు తిరుగుతున్నారు.

"మగాడు కూనిరాగం మానేశాడంటే, ఆ పాట ఇంకో ఇంట్లో పాడుతున్నట్టే వదినా! మా అన్నయ్య కదా అని వెనకేసుకు రాను," అంది ఆడపడుచు. నవ్వుతూనే అన్నా, ఆ మాట ముల్లులా దిగింది. ఆమె ఆయన జేబులు వెతికింది... చొక్కా వాసన చూసింది... తనమీద తనకే రోత పుట్టింది! "స్వామీ, అనుమానం పాపమే. కానీ అడిగినా చెప్పకపోతే తెలిసేదెలా?" అని దేవుడి ముందు కన్నీళ్లు పెట్టుకుంది.

పన్నెండో రోజు క్యారియర్ వంకతో స్టూడియోకి వెళ్లింది. అద్దం అవతల ఆయన ఒక్కరే ఉన్నారు. ఇవతలి గదిలోని స్పీకర్లో ఒకే స్వరం... ఆగింది. మళ్లీ అదే, మెల్లగా... మళ్లీ అదే, గట్టిగా. పాటేది? ఈయనకు మతి చలించలేదు కదా!

"కంప్యూటర్ కోసమమ్మా," అన్నాడు రికార్డిస్టు. "ఒక్కో స్వరం విడిగా దాస్తున్నాం. ఇక మీట నొక్కితే చాలు, ఏ పాటైనా సారే వాయించినట్టు వస్తుంది."

"మరి సారుని పిలిచేదెవరు బాబూ?"

ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"మీ చేతులు మీరే కోసి ఇస్తున్నారా!"

"నేను కాదంటే ఇంకొకరిస్తారే. ముప్పై మందిమి వాయించిన హాలిది... మిగతావాళ్లను పాటకు పిలిచి నాలుగు నెలలైంది. నీకు చెబితే వద్దంటావని..."

"వద్దనేదాన్నే!"

"చూశావా మరి?"

"నేనేమో... ఇంకెవరో ఉన్నారని..."

"ఈ బట్టతలకా? నీ పిచ్చి గానీ!"

ఏడుస్తూనే నవ్వింది. "ఇంకెన్ని స్వరాలున్నాయి?"

"ఒక్కటే. ఒప్పుకున్నాక మాట తప్పలేను. కూర్చో, కదలకు. మైకులో ఊపిరి కూడా వినపడుతుంది."

ఎర్ర దీపం వెలిగింది. చివరి స్వరం గది నిండా పరుచుకుంది. ఇది ముగిస్తే ఈ మనిషితో ఇక ఎవరికీ పని ఉండదు... మనిషి చేతిలో దేవుడు పెట్టిన విద్యను ఇలా ముక్కలు చేసి దాచుకోవచ్చా? నాదం సన్నగిల్లుతోంది... ఇక ఆగిపోతుందనగా ఆమె గట్టిగా దగ్గింది!

"పాడైంది సార్. మళ్లీ వాయించాలి," అంది స్పీకర్లోంచి రికార్డిస్టు గొంతు.

ఆయన వెనక్కి తిరిగారు. ఆమె ఏమీ ఎరగనట్టు నేల చూపులు చూస్తోంది. ఆయన కళ్లు నిండాయి.

"మా ఆవిడకు దగ్గు బాబూ," అన్నారు వయొలిన్ కమాను ఎత్తుతూ. "ఇవాళంతా తగ్గేలా లేదు."