గుట్ట మీది పెట్టెలో ఊపిరి

చీకటి పడ్డాక ఆ గుట్ట మీది రేడియో గది వైపు ఎవరూ తలెత్తి కూడా చూడరు. అక్కడ కాపలా ఉండే ముసలాయన ఆయాసంతో ఒక్కడే పోయాడు. రెండు రోజులదాకా ఎవరికీ తెలీలేదు. అప్పటినుంచి అంబులెన్సు డ్రైవర్ల రేడియోల్లో అప్పుడప్పుడు ఊపిరి వినిపిస్తుందని చెబుతారు... మాట ఉండదు. ఊపిరి ఒక్కటే.

ఆ మాట అన్నవాళ్ళను మీటరాయన పురుగుల్లా చూసేవాడు. రేడియోలు బాగుచేసే పెద్దమనిషి. జేబులో మీటరు లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడు. గదిలో ఉన్నది దెయ్యం కాదు, రిపీటరు అనేవాడు. ఒక బండి నుంచి వచ్చిన మాటను పట్టుకుని, బలం పోసి, గుట్ట అవతలి బండ్లకు వినిపించే పెట్టె. అది పాడైతే డ్రైవర్లందరూ చెవిటివాళ్ళే.

ఆ రాత్రి వాన. కంట్రోల్ రూములో కూర్చునే అమ్మాయి ఫోన్ చేసింది. గంట నుంచి పెట్టె ఎవరి మాటా తీసుకోవడం లేదట, ఊపిరి ఒక్కటే వస్తోందట. ఒక బండి ఇంకా చేరలేదట. ఎవరిదో చెప్పడానికి నసిగింది.

"మీ తోడల్లుడుగారిది, బాబాయ్. గుట్ట వెనక ఫోన్లు పలకవు. రేడియోలో పిలుద్దామంటే సందు లేదు. ఎక్కడని వెతకడం?"

తోడల్లుడితో ఆయనకు తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. నలుగురిలో ఆయన పనిని అతుకుల పని అన్నాడు ఆ మనిషి. అన్న తారీఖూ, అప్పుడు పక్కన నవ్విన మొహాలూ మీటరాయన దగ్గర భద్రంగా ఉన్నాయి. అయినా రెయిన్‌కోటు తొడుక్కున్నాడు. పెట్టె కోసమే వెళ్తున్నానని భార్యతో రెండుసార్లు చెప్పాడు. చెల్లెలి మొగుడి ఊసు ఆవిడ ఎత్తలేదు. టార్చి తెచ్చి చేతిలో పెట్టింది.

గది తలుపు తీశాడు. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది. స్పీకరులోంచి... హా... హా... ఈడ్చి ఈడ్చి...

ఎరిగిన ఆయాసంలాగే ఉంది. కాపలా ముసలాయన ఆ మూల కుర్చీలోనే కూర్చునేవాడు. మీటరాయన అటు టార్చి వేయలేదు.

ఇలాంటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే — జబ్బు పెట్టెలోదా, బయటిదా. యాంటెన్నా తీగ ఊడదీశాడు. ఊపిరి ఠక్కున ఆగింది. తిరిగి తగిలించాడు... హా... హా...

"బయటిదే," అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా. గుండె కాస్త కుదుటపడింది. ఎవరి మైకో సీటు సందులో పడి నొక్కుకుపోయి ఉంటుంది. డ్రైవర్లు ఎప్పుడూ చేసే నిర్వాకమే.

కానీ... ఎవరైనా మూడు నిమిషాలు ఆపకుండా నొక్కితే పెట్టె తనే నోరు మూసుకోవాలి. వదిలి మళ్ళీ నొక్కితేనే పలకాలి. అలా అమర్చింది ఆయనే. మరి గంట నుంచి ఎలా...?

వాచీ మీద టార్చి వేసి నిలబడ్డాడు. రెండు నిమిషాల యాభై సెకన్లకు ఊపిరి తెగింది. ఒక్క క్షణం. మళ్ళీ మొదలైంది. ఇంకో రెండు యాభై... తెగింది... మొదలైంది.

ఇరుక్కున్న మైకుకు లెక్క తెలీదు.

ఆ మూడు నిమిషాల సంగతి డ్రైవర్లకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. శ్రద్ధగా విన్నది కాపలా ముసలాయన ఒక్కడే...

పారిపోదామనిపించింది. కానీ పెట్టె మీద, వచ్చే మాట బలం చూపే ముల్లు చివరికంటా పోయి ఉంది. అంటే ఆ మైకు ఎంతో దూరంలో లేదు.

చేతిరేడియోను పెట్టె గొంతు కాక బండి గొంతే పట్టేలా తిప్పి, దిక్కు తేలేందుకు దాని యాంటెన్నా పీకేసి, గుండెకు ఆనించుకుని, వానలో నిలబడి మెల్లగా తిరిగాడు. ఒకవైపు తిరిగినప్పుడు ఊపిరిని రేడియో బుసబుస మింగేసింది. తన ఒళ్ళే అడ్డం పడిందన్నమాట. అంటే అది... సరిగ్గా తన వీపు వెనకుంది.

వెనక్కి తిరిగాడు. వాలు వెంట జారుతూ దిగాడు. పది అడుగులకోసారి ఆగి తిరిగి చూసుకోవడం, మళ్ళీ దిగడం. చివరికి రేడియో కట్టేశాడు.

ఊపిరి ఆగలేదు.

ఎదురుగా చీకట్లోంచి వస్తోంది.

టార్చి వేశాడు. కాలువలో పక్కకు ఒరిగిన అంబులెన్సు. స్టీరింగు ఛాతీని సీటుకు అదిమేసింది. కుడిచేతిలో మైకు. బొటనవేలు బిగుసుకుని, తెల్లగా పాలిపోయి, మీట మీదే ఉంది.

తోడల్లుడు కళ్ళు తెరిచాడు.

"వచ్చావా... అన్నయ్యా."

"నోటితో చెప్పలేకపోయావా?" అన్నాడు మీటరాయన. తొమ్మిదేళ్ళ తర్వాత ఆయన అన్న మొదటి మాట అదే.

"గొంతు... లేవట్లేదు." ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటున్నాడు. మైకులో గాలే తప్ప మాట పోలేదు. "నేను కనపడకపోతే... పొద్దున వెతుకుతారు. నీ పెట్టె పాడైందంటే... నువ్వు రాత్రే వస్తావు. నువ్వు చెప్పిన మూడు నిమిషాలు... లెక్కపెట్టి వదిలి నొక్కాను, ఇప్పుడిక... వేలు రావట్లేదు."

ఆ బొటనవేలు విప్పడానికి మీటరాయనకు రెండు చేతులూ కావలసివచ్చాయి. మైకు అందుకుని, మనిషి ప్రాణంతో ఉన్నాడని, ఫలానా చోట ఉన్నాడని చెప్పాడు.

మాట్లాడేది ఎవరని కంట్రోల్ రూము అమ్మాయి రెండుసార్లు అడిగింది. ఆ గొంతు ఆమె గుర్తుపట్టలేకపోయిందట.