పదిహేడో ప్లేటు

రైలు రావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద కొరియర్ ఒళ్లో స్టీలు ఫ్లాస్కు పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. పక్కన కూర్చున్న మనిషి అగ్గిపెట్టె అడిగాడు. లేదని చెప్పడానికి కొరియర్ అటు తిరిగాడు. మళ్లీ ఇటు తిరగలేదు. రైలొచ్చేసరికి అతను పేపరు మీదకి ఒరిగి కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. ఫ్లాస్కు మూత తీసి ఉంది. లోపలున్న ఆరు గాజు సీసాలూ పగిలి, బ్లీచింగ్ నీళ్లలో మునిగి ఉన్నాయి.

"మెడ మీద సూది గుచ్చిన గుర్తు," అన్నాడు చీఫ్, ఫొటోని టేబుల్ మీద ముందుకి తోస్తూ. "పొద్దున ఎనిమిదిన్నరకి, రెండొందల మంది మధ్య. ఒక్కడూ చూళ్లేదు."

ముంగిస ఫొటో వైపు చూశాడు గానీ అతని మనసు చీఫ్ వెనక గోడ మీదున్న చార్టులో ఉంది. విదేశీ ఆపరేషన్లన్నిటి పక్కనా ఒకటే కోడ్‌నేమ్. డేగ. మూడేళ్లుగా ఇదే వరస. ఇరవయ్యేళ్ల సర్వీసున్న ముంగిసకి మిగిలేవి లోకల్ పనులు, దొంగ పాస్‌పోర్టులు, అప్పుడప్పుడూ ఎవరి సూట్‌కేసో వెతకడం. డేగని అతనెప్పుడూ చూడలేదు. ఒకరి మొహం ఒకరికి తెలియకపోవడం గూఢచారి శాఖలో రూలు. అయినా కళ్లు మూసుకుంటే మనిషి కనిపిస్తాడు: ఆరడుగుల పొడుగు, ఇస్త్రీ నలగని కోటు, ఎదుటివాణ్ణి పురుగులా చూసే చిరునవ్వు.

"వింటున్నావా?" అన్నాడు చీఫ్.

"ఆ సీసాల్లో ఏముంది సర్?"

"బ్యాక్టీరియా."

"జబ్బుదా?"

"అందరూ అలాగే అడుగుతారు. మేలు చేసేది. ధాన్యం మొక్కల వేళ్లలో కాపురం పెట్టి, గాలిలో నైట్రోజన్ పట్టి మొక్కకి తినిపిస్తుంది. పప్పుధాన్యాల్లో ఈ పని మామూలే. వరిలోనూ గోధుమలోనూ ఇంత జోరుగా చేసేది ఇదొక్కటే. స్ట్రెయిన్ సెవెంటీన్. ఇది పొలాల్లోకి దిగితే యూరియా వాడకం సగానికి సగం పడిపోతుంది. అది గిట్టనివాళ్లు సరిహద్దు అవతల ఒక ముఠాని పెట్టారు. ఒక్క సీసా వాళ్లకి కావాలి, అందుకే పరాయివాడు మూత తీస్తే అన్నీ పగిలి బ్లీచింగ్‌లో కలిసేలా ఆ ఫ్లాస్కు చేయించాం. మిగతాది ఎక్కడా ఉండకూడదు."

"ఇంకా ఎక్కడుంది?"

"వ్యవసాయ పరిశోధన సంస్థ ఫ్రీజర్లో, ఒక్క పెట్టె. శుక్రవారం పదింటికి మన వ్యాన్ వెళ్లి తెస్తుంది. కొరియర్ ఏ రైలెక్కుతాడో ఆ సంస్థలో ఐదుగురికే తెలుసు. ఐదుగురిలో ఒకడు అమ్ముడుపోయాడు. వాణ్ణి పట్టుకో." చీఫ్ ఒక ఫైలూ ఒక కలమూ ఇచ్చాడు. కలం మూతలో స్కానర్ ఉంది. రెండు చేతిరాతలు చూపిస్తే ఒకరివో కాదో చెప్పేస్తుంది. "మన మనిషి ఎదురైతే 'వేరు ఎక్కడుంది' అంటారు. 'మట్టినడుగు' అనాలి. నీ కవర్, స్టాఫ్ మోటివేషన్ కన్సల్టెంట్."

"అంటే?"

"ఉద్యోగుల్లో ఉత్సాహం నింపేవాడు."

ముంగిస కలం జేబుకి తగిలించుకున్నాడు. డేగకి ఎంబసీ విందులు. తనకి సూక్ష్మజీవులూ, వాటికి సేవ చేసే నిరుత్సాహులూ.

*

సంస్థ ఒక పొడుగాటి రెండంతస్తుల భవనం. కారిడార్లలో ఫినాయిల్ వాసన, ల్యాబుల్లోంచి బ్యాక్టీరియాని పెంచే అగార్ జెల్లీ ఉడికిన వాసన. మంగళవారం పొద్దున నలభై ఒక్కమంది స్టాఫ్ సెమినార్ హాల్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు, ఉత్సాహం నింపుతావా, ఏదీ నింపు చూద్దాం అన్నట్టుగా.

"మీకేం కావాలో చెప్పండి," అన్నాడు ముంగిస.

"బ్యాక్టీరియాకి ఏసీ ఉంది," అన్నాడు వెనక వరసలోంచి ఒక ఫీల్డ్ అసిస్టెంట్. "మాకు ఫ్యానన్నా తిప్పండి."

హాలంతా నవ్వింది. ఆ తర్వాత కట్ట తెగినట్టు అన్నీ వచ్చి పడ్డాయి. పన్నెండేళ్లుగా కదలని ప్రమోషన్లు, ఎండలో చేసే పనికి ఏసీలో వచ్చే పేరు. ముంగిస రాసుకుంటూ పోయాడు. వింటుంటే తన సర్వీసు రికార్డు ఎవరో పైకి చదువుతున్నట్టే ఉంది.

ఐదుగురినీ చూశాడు. డైరెక్టర్, స్టోర్స్ ఆఫీసర్, సెక్యూరిటీ హెడ్. నాలుగో మనిషి డాక్టరమ్మ, సెవెంటీన్‌తో పేరు తెచ్చుకున్న ప్రధాన శాస్త్రవేత్త. ఐదోవాడు, బ్యాక్టీరియాని పెంచి దాచే కల్చర్ రూమ్‌లో టెక్నీషియన్. యాభై ఐదేళ్లుంటాయి, సన్నగా, మెల్లగా ఉంటాడు. డైరెక్టర్ మొదలు స్వీపరు దాకా అతన్ని బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఫ్రీజర్ తాళం అతని దగ్గరే ఉంది. సీసాల మీద లేబుళ్లన్నీ అతను రాసినవే, ముత్యాల్లాంటి అక్షరాలు.

బుధవారం ఆరో మనిషి దిగింది. విదేశీ ఫౌండేషన్ ప్రతినిధి, డాక్టరమ్మకి అవార్డు ఇవ్వడానికి ముందు పరిశీలనకి వచ్చిందట. వంకాయరంగు పట్టుచీర, కత్తిరించిన జుట్టు, లోతైన గొంతు. ఆమె నడుస్తుంటే మైక్రోస్కోపుల మీంచి తలలు లేచాయి. స్టాఫంతా మధ్యాహ్నానికే ఆమెని అవార్డు మేడమ్ అనడం మొదలుపెట్టారు. ఆమె వెనకే ఒక డ్రైవరు, మెడ కనిపించని మనిషి. మూడింటికి ముంగిస చొక్కా గుండీలో కెమెరా ఒక దృశ్యం పట్టింది: అవార్డు మేడమ్ కల్చర్ రూమ్ గుమ్మంలో నిలబడి బాబాయ్‌తో నవ్వుతూ మాట్లాడుతోంది, అతని చేతిలో ఏదో కార్డు పెడుతోంది.

ముంగిస చీఫ్‌కి రిపోర్ట్ చేశాడు.

"ఆమె జోలికి పోకు," అన్నాడు చీఫ్.

"ఎందుకని?"

"చెప్పింది చెయ్."

ఫోన్ పెట్టేశాక ముంగిసకి అర్థమైపోయింది. ఆమెని పట్టుకునే ముచ్చట డేగ కోసం దాచి ఉంచారు. కష్టం ఒకడిది, కండువా ఇంకొకడి భుజానికి. 

*

గురువారం అతను ప్రశ్నపత్రాలు పంచాడు, పేర్లు రాయక్కర్లేదని. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి గెస్ట్ రూమ్ మంచం మీద నలభై ఒకటీ పరుచుకుని కూర్చున్నాడు. చివరి ప్రశ్న, మీరు మెచ్చుకునే సహోద్యోగి గురించి రాయండి. చాలామంది స్నేహితుల పేర్లు రాశారు. ముగ్గురు తమ పేరే రాసుకున్నారు. డాక్టరమ్మని తిట్టినవాళ్లు తొమ్మిదిమంది. ముంగిస వాళ్లని పక్కన పెట్టేశాడు. నోరారా తిట్టుకునేవాడికి రాత్రి నిద్ర పడుతుంది.

ఒకే ఒక్క కాగితం నిండా పొగడ్తలున్నాయి. 'డాక్టరమ్మ గారి మేధస్సు సాటిలేనిది. సెవెంటీన్ పూర్తిగా ఆమె ప్రతిభే. మా వంటివారి పాత్ర అందులో ఏమాత్రమూ లేదు.' ఆ 'ఏమాత్రమూ' దగ్గర కలం కాగితాన్ని చీల్చుకుని అవతలికి దిగింది.

ముంగిస ఆ చిల్లు మీద వేలు పెట్టాడు. పోయిన వారం అచ్చు ఇలాంటి కాగితమే అతనూ రాశాడు. డేగకి పతకం ఇవ్వాలని సీనియర్‌గా సిఫార్సు చెయ్యమంటే, పళ్లు బిగబట్టి రెండు పేజీలు పొగిడాడు. పాము కాళ్లు పాముకే తెలుస్తాయి.

జేబులోంచి, కల్చర్ రూమ్‌లో కాజేసిన బాబాయ్ లేబుల్ తీసి ఆ కాగితం పక్కన పెట్టి, రెండిటి మీదా కలం తిప్పాడు. మూత ఆకుపచ్చగా వెలిగింది. రెండూ ఒకరి రాతే. తొమ్మిదీ ఇరవై అయింది.

అతను కల్చర్ రూమ్‌కి పరిగెత్తేసరికి ఫ్రీజర్ తలుపు బార్లా తెరిచి ఉంది. పెట్టె లేదు.

*

ఆటోక్లేవ్ గది భవనం చివర్లో ఉంది. వాడేసిన కల్చర్లని ఆవిరిలో ఉడికించి చంపే చోటు. ఇనప కటకటాల తలుపుకి లోపలివైపు తాళం. ఆ వెనక బాబాయ్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని ముందు, మనిషెత్తు స్టీలు యంత్రం మీద వేడి చూపించే ఎర్రంకెలు పెరుగుతున్నాయి. 38. 39.

"పెట్టె అందులో ఉందా?" అన్నాడు ముంగిస.

బాబాయ్ తలూపాడు. "ఒక్క సీసా బయటుంది. అవార్డు మేడమ్‌కి."

అరవై డిగ్రీలు దాటితే అందులో ఏ ప్రాణీ మిగలదు. ముంగిస పిస్తోలు తీశాడు. కానీ బాబాయ్‌ని కాలిస్తే స్విచ్ ఆపేదెవరు? తన చెయ్యి కటకటాల్లోంచి స్విచ్ దాకా అందదు.

"తుపాకీ కింద పడెయ్," అంది వెనకనుంచి ఒక మొరటు గొంతు. మెడలేని డ్రైవరు. వాడి వేళ్ల మధ్య సన్నటి సూది మెరుస్తోంది. వాడి పక్కన, చేతిలో బుల్లి పిస్తోలుతో, వంకాయరంగు పట్టుచీర. ముంగిస తుపాకీ జారవిడిచాడు.

"వేరు ఎక్కడుంది?" అంది ఆమె, అతని కళ్లలోకి చూస్తూ.

ముంగిస అప్రయత్నంగా అనేశాడు: "మట్టినడుగు."

ఆమె పిస్తోలు పిడి డ్రైవరు చెవి వెనక పడింది. వాడు గోనెసంచిలా కూలాడు. సూది గచ్చు మీద టింగుమంది.

"కొరియర్‌ని చంపింది వీడే," అంది ఆమె, వాడి చేతులకి బేడీలు వేస్తూ. "ముఠాలో చొరబడి, సీసా చేతులు మారేటప్పుడు పట్టుకుందామనుకున్నాను. మిగతావి ఉడకబెట్టమని నా వెనకాల వీడే చెప్పి ఉంటాడు. అది ఆపండి. నా మాట అతను వినడు, నన్ను ముఠా మనిషే అనుకుంటున్నాడు."

46. 47.

"బాబాయ్," అన్నాడు ముంగిస. "తలుపు తియ్."

"నేను టైము ఒక్కటే చెప్పాను," అన్నాడు బాబాయ్, అంకెల మీంచి చూపు తిప్పకుండా. "ఫ్లాస్కు లాక్కుంటారంతే అన్నారు. మనిషిని చంపుతారనుకోలేదు. ఇంక నాకేం మిగిలింది? అంతా కలిసి పోనీ."

"ఆ బ్యాక్టీరియాని ఎవరు పట్టారు?"

బాబాయ్ మొదటిసారి అంకెల మీంచి చూపు తిప్పాడు. 50.

"అది కరువు ఏడాది," అన్నాడు. "పొలమంతా ఎండిపోయింది. ఒక్క దుబ్బు పచ్చగా ఉంది. వేరుతో సహా తవ్వి తెచ్చి, ఆ వేరు నూరి ఇరవై అగార్ ప్లేట్లలో పోశాను. పదిహేడోదాంట్లో మొలిచింది. డాక్టరమ్మ రీసెర్చ్ పేపరు రాసింది. చివర్లో 'సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు' అని ఉంది. ఎవరికో కూడా లేదు."

"నాకూ ఒకడున్నాడు," అన్నాడు ముంగిస. పక్కన అవార్డు మేడమ్ ఉందని గుర్తుంది, అయినా ఆగలేదు. "డేగ అంటారు. నాకంటే పదిహేనేళ్లు జూనియర్. వాడి ఒక్కో గెలుపూ నా కంట్లో నలుసే. వాడు ఎక్కడో దొరికిపోతే బాగుండని రోజూ కోరుకున్నాను. వాడు గొప్పవాడని పోయిన వారం నా చేత్తోనే రాశాను, నువ్వు డాక్టరమ్మ గురించి రాసినట్టే. కానీ విను. వాడు చస్తే వాడి పేరున్నచోట నా పేరు వచ్చి కూర్చోదు. ఆ పెట్టెలో ఆమె లేదు. ఆమెకి కీర్తి వచ్చేసింది, దాన్ని ఏ ఆవిరీ ఉడికించలేదు. అందులో ఉన్నది నువ్వు తవ్విన వేరు. చచ్చేది నీదే."

55. 56.

బాబాయ్ స్టూలు మీంచి కదల్లేదు. "నా పేరు ఎవరూ రాయరు."

"నేను రాస్తాను. నా రిపోర్టులో, మొదటి వాక్యం."

58.

బాబాయ్ లేచాడు. స్విచ్ కట్టేసి, రెండు చేతులా ఆవిరి వాల్వు తిప్పాడు. గది తెల్లగా నిండిపోయింది. అంకె 59 దగ్గర ఒక్క క్షణం తారట్లాడి కిందకి దిగింది. యంత్రం తలుపు తీసి, వేళ్లు కాలుతున్నా పెట్టెని బయటికి లాగి ఐసు తొట్టిలో దించాడు. మధ్య వరస సీసాల్లో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. తాళంచెవి, జేబులోని సీసా కటకటాల్లోంచి అందించి, రెండు చేతులూ ముందుకి చాపాడు.

పదింటికి రెండు వ్యాన్లు వచ్చాయి. ఒక దాంట్లో పెట్టె, ఇంకోదాంట్లో డ్రైవరూ బాబాయీ ఎక్కారు. మెట్ల మీద నిలబడి చూస్తున్న డాక్టరమ్మ మొహం పాలిపోయి ఉంది. "అతని పేరు రాయాలని నాకు తోచనే లేదు," అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "వద్దనుకుని మానేసింది కాదు. తోచలేదు. అదింకా తప్పు కదా?"

ముంగిస మెట్లు దిగి గేటు వైపు నడిచాడు.

కారెక్కబోతూ అవార్డు మేడమ్ ఆగింది. "సిఫార్సు చదివాను. రెండో పేజీ బాగుంది."

"ఏ సిఫార్సు?"

"డేగ 'వాడు' కాదు," అని ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకుంది. కారు వెళ్లిపోయింది. ముంగిస చెవులు ఇంకో పావుగంట వేడిగానే ఉన్నాయి.

*

మూడు వారాల తర్వాత ఒక సోమవారం చీఫ్ రిపోర్టు చదివి పక్కన పెట్టాడు. మొదటి వాక్యం రెండుసార్లు చదివాడు, మార్చమనలేదు. తర్వాత సొరుగులోంచి ఒక ఉత్తరం తీశాడు.

"పరిశోధన సంస్థ డైరెక్టర్ రాశాడు. నీ కన్సల్టెంట్ వచ్చి వెళ్లాక ఫ్యాన్లు తిరిగాయి, ప్రమోషన్ల ఫైలు కదిలింది, టెక్నీషియన్ల పేర్లు పేపర్లలో వెయ్యాలని తీర్మానం చేశారు. అలాంటి మనిషిని తన జన్మలో చూళ్లేదట. అతనికి ప్రశంసాపత్రం, శాలువా పంపించాడు."

"నాకా?"

"నీకెలా ఇస్తాను? నువ్వు అక్కడికి వెళ్లినట్టే రికార్డులో లేదు. అవి కన్సల్టెంట్ ఫైల్లో ఉంటాయి."

ముంగిస ఆ ఫైలు వైపు చూశాడు. ఇరవయ్యేళ్లుగా ఎందరినో చూసి కుళ్లుకున్నాడు గానీ, తన మారువేషం మీదే కడుపు మండడం మాత్రం ఇదే మొదలు.