ఘాటు లేని లారీ

"సాయంత్రం ఐదూ పదికి నడికుడి గేటు దాటే స్పెషల్ ట్రైన్‌లో ఎనిమిది వందల మంది జవాన్లున్నారు. దాన్ని పేల్చే సరుకు మిర్చి లారీలో వస్తోంది. ఆపు. ఇది టాప్ సీక్రెట్."

కంట్రోల్ అంతకన్నా ఎక్కువ మాట్లాడదు.

ఏజెంట్ నదీం మెకానిక్ వేషంలో, గ్రీజు చొక్కాతో గేటు పక్కన టీ బడ్డీ చేరాడు. యుద్ధం రేపో ఎల్లుండో అని టీవీలు అరుస్తున్నాయి. కొట్లలో కొవ్వొత్తులు అయిపోయాయి. మధ్యాహ్నం మాక్ డ్రిల్ సైరన్ మోగితే సున్నం బట్టీ కూలీలు అన్నం గంట అనుకుని క్యారేజీలు విప్పారు.

నదీం చెవిలో మాత్రం స్నేహితుడు అన్సార్ దగ్గు. రెండేళ్ళ కిందట ఇలాంటి పనిలోనే నదీం రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు. ఆ రెండు నిమిషాలూ తూటా తగిలిన అన్సార్ వైర్‌లెస్‌లో దగ్గుతూనే ఉన్నాడు. తర్వాత వైర్‌లెస్ మూగబోయింది. నదీం చెవి మాత్రం ఇంకా వింటూనే ఉంది.

బడ్డీ యజమానురాలు మేరీ టీ అందించింది. "మా పెద్దోడు మిలిట్రీ రైల్లో పోతన్నాడు తమ్ముడూ. ఇక్కడ ఆగదంట. చెయ్యన్నా ఊపుదామని."

టాప్ సీక్రెట్! నదీం తల పట్టుకున్నాడు.

"ఈ మిర్చి లార్లతోనే చావు," అంది మేరీ. "గేటు కాడ ఒక్కటి ఆగిందంటే ఆయాసం గుక్క తిప్పుకోనీదు."

ఐదింటికి గేటు పడింది. పట్టాలకు ఇవతల ఒకటి, అవతల ఒకటి, రెండు మిర్చి లారీలు. రెండింటికీ నీలం టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. ఫోన్ మోగింది. జీనత్. నరసరావుపేటలో బ్యూటీ పార్లర్, కంటికి కాటుక, చేతికి రెండు జీతాలు: ఒకటి విదేశీ ముఠాది, ఒకటి మనది.

"కోడ్?"

"కృష్ణలో వరద. అవతలి లారీ, నదీం. నన్ను నమ్ము."

ఐదూ ఏడు. ఒక్క లారీకే టైముంది. నదీం గేటు కింద దూరి పట్టాల మీద అడుగు పెట్టాడు. అన్సార్ దగ్గు చెవులు పగిలేలా వినిపించింది. వెనక్కి తిరిగి చూశాడు.

మేరీ ఇవతలి లారీని ఆనుకుని రైలు కోసం మెడ చాచి నిలబడి ఉంది.

"అక్కా! ఆయాసమన్నావు, అక్కడ నిలబడ్డావేంది?"

"ఇయ్యాల దగ్గు కూడా రాలా తమ్ముడూ. కొడుకొస్తన్నాడని కాబోలు!"

దగ్గుతున్నది తన చెవిలో చచ్చినవాడొక్కడే. ఆ లారీ పక్కన బతికున్న మనిషి ఎవరూ దగ్గడం లేదు.

నదీం వెనక్కి పరిగెత్తాడు. రైలు కూత వినిపించింది. తాళాల గుత్తిలోని జామర్ నొక్కాడు. క్యాబిన్‌లో డ్రైవర్ రిమోట్ నొక్కి, అది పనిచేయక వైరు అందుకోబోయాడు. తలుపు లాగి నదీం ఆ మణికట్టు విరిచేశాడు. వైరుకీ బ్యాటరీకీ మధ్య బెత్తెడు దూరం మిగిలింది.

రైలు దాటింది. కిటికీల నిండా చేతులే. ఏ చెయ్యి తన కొడుకుదో మేరీకి తెలియలేదు. అన్నిటికీ ఊపింది.

మఫ్టీ పోలీసులు తాగుబోతు డ్రైవరని చెప్పి వాణ్ణి జీపెక్కించారు. జీనత్‌ని బస్టాండ్‌లో పట్టుకున్నారని కంట్రోల్ మెసేజ్ పెట్టింది.

నదీం చెవి రెండేళ్ళ తర్వాత నిశ్శబ్దమైంది. అన్సార్ ఇప్పుడే పోయినట్టనిపించింది. లారీకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మేరీ కొంగు అందించింది. "మిర్చి లారీ కాడ నిలబడితే కళ్ళమ్మట నీళ్ళు రాక ఏమొస్తయ్? ఇటు రా."

నదీం బుద్ధిగా పక్కకి జరిగాడు. ఆ లారీలో ఒక్క మిరపకాయ కూడా లేదు.