మునిగిన చేను మీద జములమ్మ

స్పీడు పడవను పుట్టి లాక్కొస్తుంటే నవ్వు రాకుండా ఎవరికుంటుంది? ఎర్రచారల పడవ, మెరిసే స్టీరింగు, నడిమధ్య తాడు కట్టే ఇనుప స్తంభం, ఇన్ని హంగులూ ఉన్న దాన్ని చేపలు పట్టే అబ్రహాం తన గుండ్రటి పుట్టి వెనక కట్టుకుని తాపీగా తెడ్డు వేస్తున్నాడు. జూరాల డ్యాం వెనకనీళ్ల ఒడ్డున నిలబడ్డ జములమ్మ పగలబడి నవ్వింది.

పడవలో ఉన్న కుర్రాడి ముఖం మాడిపోయింది.

"నవ్వేటోళ్లు జర దిగి తొయ్యున్రి. పుణ్యమొస్తది," అన్నాడు.

"పుణ్యం మాకొద్దు. ముందుగాల నీ పడవల పెట్రోలు పొయ్యి."

"పెట్రోలుంది. ఇంజనుకే కోపమొచ్చింది. అవును, నీ పేరేంది?"

"జములమ్మ."

అతను పానా కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "అమ్మవారే ఎదురొచ్చినంక ఇంజను ఎట్ల నడవది!"

ఇంట్లోవాళ్లు మొక్కుకుని గద్వాల అమ్మవారి పేరు పెట్టిన పిల్ల. కాలేజీలో అందరూ మానసలూ భవ్యశ్రీలూ అయితే తానొక్కతే జములమ్మ. ఈ పరాచికం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు, బదులూ సిద్ధంగానే ఉంటుంది.

"దండం పెట్టినవు గదా, కొబ్బరికాయ గూడ కొట్టు. నీ ఇంజను నెత్తి మీదనే కొట్టు."

అబ్రహాం నవ్వాపుకోలేక తెడ్డు జారవిడిచాడు.

అది రెండువేల ఏడు, వానలు బాగా పడిన సంవత్సరం. ఆ కుర్రాడి పేరు దినేష్, పని ట్రాక్టర్ల రిపేరు. హైదరాబాదులో ఒక బోటు క్లబ్బు మూలన పడేసిన పడవను అక్కడ పనిచేసే మేనమామ లారీ ఎక్కించి పంపాడు. వెంట నీళ్ల మీద జారేందుకు కాళ్లకు తొడిగే రెండు పొడుగాటి చెక్క స్కీలు, పట్టుకునే తాడు కూడా వచ్చాయి. ట్రాక్టరు సామాన్లు వేసి దినేష్ దాన్ని బతికించాడు. ఎటొచ్చీ, నీళ్లలోకి ఎంత జోరుగా పోయేదో, అంత దీనంగా అబ్రహాం పుట్టి వెంట తిరిగొచ్చేది.

మరుసటి ఆదివారం జములమ్మ మళ్లీ వచ్చింది. ఇంట్లో మాత్రం స్నేహితురాలు తేజస్విని వాళ్ల ఊరికని చెప్పింది. తేజస్విని ఊరు ఆ ఒడ్డునే కాబట్టి అది అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు.

"ఎక్కుతవా?" దినేష్ స్కీలు చూపించాడు.

"ఎక్కుత. పడితె?"

"నీళ్లే గదా. లైఫ్ జాకెట్ ఉంది."

పడింది. మళ్లీ మళ్లీ పడింది. ముక్కులోకి నీళ్లు పోయాయి, చున్నీ ఒకసారి కొట్టుకుపోతే అబ్రహాం వలతో పట్టిచ్చాడు.

"నువ్వు లేవకు! మోకాళ్లు ముడుసుకోని కూసో. పడవనే నిన్ను లేపుతది," అని దినేష్ గొంతు చించుకున్నాడు.

"నన్ను ఇంకొకలు లేపేదేంది? నేనే లేస్త!"

లేవబోయింది, బోర్లా పడింది. చివరికి, చీరలు నేసే నాయన గుంత మగ్గంలో కూర్చున్నట్టు మోకాళ్లు ముడిచి, చేతులు చాచి ఊరుకుంది. తాడు బిగిసింది. నీళ్లే పాదాల కింద గట్టిపడి ఆమెను పైకెత్తాయి. జములమ్మ కేకకు ఒడ్డున కొంగలు లేచిపోయాయి. పడవలో వెనక్కి తిరిగి చూస్తూ దినేష్ దారి చూడ్డం మరిచిపోయాడు.

కాసేపటికి ఇంజను ఆగింది. సన్నగా వాన మొదలైంది. ఆమె పడవలోకి ఎక్కి తడి జుట్టు పిండుకుంటుంటే, అతను అంచు మీద నుంచి నీళ్లలోకి చూస్తున్నాడు.

"మనం ఇప్పుడు మా చేను మీద ఉన్నం," అన్నాడు. "మూడెకరాలు. వేరుశనగ ఏసేటోళ్లం. డ్యాం నిండినప్పుడు నేను చిన్నోన్ని. మా నాయన రాములు అప్పటి సంది ఈ ఒడ్డుకు రాలే. నీళ్లు సూస్తె ఆయనకు పరేషాన్."

"మరి నువ్వు?"

"మునిగింది చేను, నేను గాదు. నా చేను మీద నేను తిరుగుత. ఎవరొద్దంటరు?"

ఆ మాటకు జములమ్మ అతని మీద మనసు పడింది. అందం, గిందం అన్నీ తర్వాతే. ఆమె ముఖం తిప్పుకుని, ఇంజను పక్కన చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"అబ్బా, కాలుతుంది! నూలు మాడిన వాసన. గీడ నూలెందుకుంది?"

ఇంజను నుంచి కింది రెక్కకు పోయే ఇనుప కడ్డీ పడవ అడుగున రంధ్రం గుండా బయటికి పోతుంది. నీళ్లు లోపలికి రాకుండా దాని చుట్టూ గ్రీజు పట్టించిన నూలు పేట చుట్టి, పైన నట్టు బిగిస్తారు. దినేష్ ఆ నట్టును ప్రాణం పోయేలా బిగించాడు. అందుకే నూలు ఎండి కడ్డీని పట్టేస్తోంది, ఇంజను ఆగిపోతోంది.

"ఇంత బిగిస్తరా? మా నాయన నూలు కండెలు తడిపే నేస్తడు. ఎండిన నూలు తెగుతది. జర వదులు చెయ్యి, తడి ఉండనియ్."

"చుక్క నీళ్లు లోపలికొస్తయి!"

"రానియ్."

"కరువు పాలమూరోన్ని. నల్ల కింద చుక్క కారితె బిందె పెట్టినోన్ని. పడవల కారనియ్యమంటున్నవా?"

"మొండోడా!"

"మొండిదానా!"

అబ్రహాం పుట్టి వచ్చేసరికి ఇద్దరూ చెరొక వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. చేతులు మాత్రం పట్టుకునే ఉన్నారు. ఎవరు ముందు పట్టుకున్నారో ఇద్దరూ ఒప్పుకోలేదు.

ఇలాంటి కబురు ఆగుతుందా? మగ్గాల వీధికి చేరింది. జములమ్మ తండ్రి జోగయ్య మగ్గం ఆపి అడిగాడు.

"మన కులపోడు గాదు. సరే, వాని దగ్గర ఏమున్నది?"

"పడవుంది, నాయనా."

"అబ్రహాం లాక్కొచ్చే పడవనా? చేనుందా?"

"ఉంది. జూరాల కింద."

గడపలో నిలబడ్డ ఇరుగుపొరుగు కిసుక్కున నవ్వారు. జోగయ్యకు తల కొట్టేసినట్టయింది. "నీళ్ల కిందున్నది ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే. నీళ్లు ఎత్తుకపోయినయా ఏంది? నేను ఆయననే చేసుకుంట."

జోగయ్య మగ్గం గుంతలోంచి లేచాడు. "ఆదివారం నేనే వస్త. ఆ పడవ తనంతట తాను పోయి ఒడ్డుకొస్తె, ఆ పిలగాని మాట ఇంట. పుట్టి లాక్కొస్తె మాత్రం నువ్వు మల్ల ఆ నీళ్ల దిక్కు సూడొద్దు. సరేనా?"

"సరే," అంది జములమ్మ. ఆ రాత్రే కొత్త నూలు పేనడానికి కూర్చుంది.

ఆదివారం ఒడ్డున వీధి సగం దిగింది. పడవ గురించి ఏమీ తెలియనివాళ్లే ఎక్కువ మాట్లాడుతున్నారు. జములమ్మ తాను పేనిన కొత్త నూలు పేట తెచ్చింది. గ్రీజు పట్టించి దినేష్ చుట్టాడు, పానా తీసి బిగించబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"నమ్ముతవా, లేదా?"

అతను ఆమెను చూశాడు, ఒడ్డున జోగయ్యను చూశాడు. నట్టును వెనక్కి తిప్పాడు. చుక్క పడింది. కాస్త ఆగి ఇంకో చుక్క.

"పడవ కారుతుందిరో!" అని ఎవరో అరిచారు. ఒడ్డంతా నవ్వు.

"దిగు బిడ్డా! అరే, మునుగుతరు!" జోగయ్య నీళ్లలోకి అడుగేశాడు.

"కారనీ నాయనా!" అని గట్టిగా చెప్పి, జములమ్మ స్కీలు తొడుక్కుని నీళ్లలో కూర్చుంది. నవ్వేవాళ్లందరికీ వినపడేలా అరిచింది. "దినేష్! పోనీ!"

ఇంజను గర్జించింది. తాడు బిగిసింది, మగ్గాల వీధి పిల్ల నీళ్ల మీద నిలబడింది. ఆమె వెనక రెండు తెల్లటి చాళ్లు పరుచుకుంటూ పోయాయి. ఒడ్డున నవ్వు ఆగిపోయింది. పడవ చేను మీదకు పోయింది, చుట్టు తిరిగింది. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది. దినేష్ ఊపిరి బిగబట్టాడు. ఇంజను ఊపిరి బిగబట్టలేదు.

పడవ తన జోరున తానే తిరిగొచ్చి ఒడ్డు ఇసుక తాకింది. జములమ్మ తాడు వదిలేసి, జారుకుంటూ వచ్చి తండ్రి ముందు మోకాళ్ల లోతులో ఆగింది. తాడుతో సిద్ధంగా ఉన్న అబ్రహాం, "ఇగ నాకు పని లేదు," అని దాన్ని పుట్టిలోకి విసిరేశాడు.

జోగయ్య కళ్లు తుడుచుకుని, కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు.

"నీ చేనెంత?" అని దినేష్‌ను అడిగాడు.

"మూడెకరాలు."

"ఏడున్నది మరి?"

దినేష్ నీళ్ల వైపు చెయ్యి చూపించబోయి ఆగిపోయాడు.

"ఉంది నాయనా," అంది జములమ్మ. "దాని మీద నిలబడే వచ్చిన."

జోగయ్య వంగి పడవలోకి చూశాడు. అడుగున కాసిని నీళ్లు.

"కారుతుంది గదరా."

"కారాలె మామా," అనేశాడు దినేష్. నాలుక కరుచుకున్నాడు.

"మామనా? అప్పుడేనా?" జోగయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. "సరే. మీ నాయనను తోలుకోని మా ఇంటికి రా."

"మీ ఇంటికి తొవ్వ ఈ ఒడ్డు మీదనే గదా, మామా. మా నాయన ఇటు దిక్కు రాడు. నీళ్లు సూడలేడు."

జోగయ్య తిరిగి, తన కూతురు నిలబడి వచ్చిన నీళ్ల వైపు చూశాడు.

"అయితె మా ఇల్లు తర్వాత. ముందుగాల ఆయనను ఈడికే తీస్కరా. నా బిడ్డ ఆయన చేను మీద నిలబడుతది. ఒక్కసారి సూసి పొమ్మను."